ఒంటరి చుక్క

సబ్బుల కంపెనీ వాళ్ల కొత్త రేపరు, మా రిపోర్టుకి బొమ్మలేసే రంగులాయన బల్ల మీద ఏం చేస్తున్నట్టు? పోయినవారం మిమ్మల్నీ నన్నూ ఆ గది గుమ్మంలోనే నిలబెట్టేసిన ప్రశ్న అది. మీరు ఈలోగా మీ పనులన్నీ చక్కబెట్టుకుని వచ్చారు. నేను మాత్రం ఇంకా ఆ గుమ్మంలోనే ఉన్నాను.

సంగతి మరిచిపోయినవాళ్ల కోసం, ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. నేను వర్తక సంఘం తరఫున మూడు నెలలకోసారి ధీమా సర్వే నడుపుతాను. ఊళ్లోని వ్యాపారులకీ ఫ్యాక్టరీల వాళ్లకీ ఫోన్లు చేయించి, "రాబోయే మూడు నెలలు మీకెలా ఉంటాయనుకుంటున్నారు?" అని అడిగిస్తాను. బాగుంటుందన్నవాళ్లలోంచి బాగుండదన్నవాళ్లని తీసేస్తే మిగిలేదే ధీమా సూచీ. ఆ ఒక్క అంకె చూసి కొందరు కొత్త మిషన్లు కొంటారు, కొందరు ఉన్న మనుషుల్ని తీసేస్తారు. జవాబు చెప్పిన ప్రతివాళ్లకీ మేమిచ్చే మాట ఒకటే: మీరెవరో, ఏం చెప్పారో గోడకి కూడా తెలియనివ్వం.

ఆ మాట ఇచ్చే మా అక్కవాళ్లాయన్ని, బావని కూడా ఒప్పించాను. అట్టపెట్టెలు చేసే పెద్ద ఫ్యాక్టరీల్లో ఈసారి మాకు జవాబిచ్చింది బావ ఫ్యాక్టరీ ఒక్కటే. ఊళ్లో ఏ సరుకైనా ముందు పెట్టెలో పడాలి కాబట్టి, రాబోయే రోజులెలా ఉంటాయో పెట్టెలవాళ్లకి అందరికంటే ముందు తెలుస్తుంది. వాళ్ల జవాబంటే నాకు అంత మోజు. ఇప్పుడేమైంది? రిపోర్టు ఇంకా అచ్చుకే వెళ్లలేదు, అందులోని 'బాగుండదు' అన్న జవాబు మాత్రం బావ దగ్గర అందరికంటే ఎక్కువ పెట్టెలు కొనే సబ్బుల కంపెనీ వాళ్ల నోట్లో నానుతోంది. మీ వ్యాపారం మీద మీకే నమ్మకం లేనప్పుడు మేమెందుకు నమ్మాలి, ఈ వారంలో వేరే దారి చూసుకుంటాం అన్నారట వాళ్లు. వాళ్లు పోతే బావ ఫ్యాక్టరీకి తాళమే.

"నేనలా చెప్పనేలేదు. అసలు నాకు ఫోనే రాలేదు" అన్నాడు బావ. అన్న మాటకి తరవాత చింతించేవాళ్లందరూ అనేది అదే కాబట్టి నేను పట్టించుకోలేదు. "బయటపెట్టిందెవరో తేల్చు. అందాకా మా గుమ్మం తొక్కకు" అని కూడా అన్నాడు. రోజూ ఫ్యాక్టరీ వదిలే వేళకి ఫోన్ చేసి "తేలిందా?" అని అడుగుతున్నాడు. గుమ్మం తొక్కకు అన్నప్పుడు అక్క ఆయన పక్కనే ఉంది. చిన్నప్పుడు నన్ను ఎవరైనా పల్లెత్తు మాటన్నా ఊరుకునేది కాదు. ఆ రోజు మాత్రం నోరు విప్పలేదు.

ఇక గుమ్మం దాటుదాం.

రంగులాయన గది మేడ మీద ఉంటుంది. ఈ గోడ నుంచి ఆ గోడకి తీగ కట్టి, అచ్చు చూసుకోవడానికి తీసిన కాగితాలన్నీ దాని మీద క్లిప్పులతో ఆరేసి ఉంటాయి. మా రిపోర్టుకి బొమ్మలూ రంగులూ అక్షరాలూ అన్నీ ఆయనవే. అంకెలు నావి, అందం ఆయనది అని పెద్దాయన, అంటే మా సంఘం అధ్యక్షుడు, మీటింగుల్లో అంటూ ఉంటాడు. అలా అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, అది వేరే విషయం.

వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. రంగులాయన రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులతో మెట్లెక్కి వస్తున్నాడు. నేను వస్తున్నానని ఈయనకెలా తెలుసు? రెండు గ్లాసులు ఎందుకు తెచ్చినట్టు?

"గుమ్మంలో నిలబడ్డారేంటండీ? లోపలికి రండి, గదేం కరవదు."

"ఆ రెండో టీ ఎవరికి?"

"నాకే. ఒకటి వేడిగా తాగడానికి, ఇంకోటి మర్చిపోయి చల్లారబెట్టుకోడానికి." నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి గ్లాసులు రెండూ బల్ల మీద పెట్టి, నా చూపు ఎక్కడుందో చూశాడు. చూసి, రేపరు తీసి సొరుగులో పెట్టబోయాడు.

"ఉంచండి. ఎవరిదది?"

"సబ్బుది."

"సబ్బుదని నాకూ కనిపిస్తోంది. మీ దగ్గరికెందుకొచ్చింది?"

"చేసిపెట్టమన్నారు, చేశాను. మీ పని మూడు నెలలకోసారి వస్తుంది. మా ఇంట్లో పొయ్యి రోజూ వెలగాలి కదండీ."

"వాళ్ల పని చేస్తున్నానని నాకొక్క ముక్క చెప్పాలనిపించలేదా?"

"మీరు అడగలేదు కదా. ఊరంతటినీ ప్రశ్నలడుగుతారు, నన్నొక్కణ్ణే ఎప్పుడూ ఏమీ అడగరు."

మామూలు రోజైతే ఆ మాటకి నాకు నవ్వొచ్చేది. ఆ రోజు మాత్రం నిప్పుల మీద నిలబడ్డట్టుంది. మీకో సంగతి చెప్పాలి. అందరికీ పని చేసినందుకు జీతమిస్తారు, నాకు అనుమానపడినందుకు ఇస్తారు. ఒక వ్యాపారి అన్ని ప్రశ్నలకీ ఒకే జవాబు చెబితే ప్రశ్నలు వినకుండా చెప్పాడేమోనని అనుమానం. ఫోన్ మరీ చప్పున అయిపోతే అడిగిన పిల్ల సగం ప్రశ్నలు మింగేసిందేమోనని అనుమానం. మావారు "ఏం లేదు" అంటే దాన్నే వేరేలా మరోసారి అడిగి సరిచూసుకుంటాను. అలాంటిదాన్ని, ఇన్నేళ్లూ ఈ మేడ మీద గదిని మాత్రం అనుమానించలేదు. ఇదేం బుద్ధితక్కువ అని నన్ను నేనే తిట్టుకున్నాను.

"రిపోర్టు తెరవండి. చుక్కల పేజీ" అన్నాను.

ఆయన తెర వైపు వెళ్లకుండా తీగ మీద వేలాడుతున్న కాగితాన్ని చూపించాడు. అక్కడే ఉంది, గదిలోకి వచ్చినవాళ్లకి మొట్టమొదట కనపడేలా, నడిమధ్యన.

ఆ పేజీ ఎలా ఉంటుందంటే, ఒక్కో వ్యాపారానికి ఒక్కో గీత. గీతకి కుడివైపు చివర "బాగుంటుంది", ఎడమవైపు చివర "బాగుండదు". ఒక్కో వ్యాపారంలో చిన్నవాళ్లకో చుక్క, మధ్యరకానికో చుక్క, పెద్దవాళ్లకో చుక్క. ఆ గుంపులోని వాళ్లందరి జవాబూ కలిపి ఎటువైపు మొగ్గితే చుక్క అటు జరుగుతుంది. చాలా చుక్కలు నడుమ ఒకదానికొకటి రాసుకుంటూ ఉన్నాయి. అట్టపెట్టెల గీత మీద మాత్రం ఒక పెద్ద ఎర్రచుక్క అందరినీ వదిలేసి, ఎడమ చివరకంటా పోయి ఒంటరిగా కూర్చుంది.

మా దగ్గర ఒక నియమం ఉంది. గుంపులో కనీసం అయిదుగురు లేకపోతే ఆ గుంపుకి చుక్క పెట్టకూడదు. ఇద్దరు ముగ్గురే ఉంటే ఎవరేమన్నారో ఊళ్లోవాళ్లు ఇట్టే పట్టేస్తారు. ఒక్కరే ఉంటే ఇక పట్టడం కూడా అక్కర్లేదు, పేరు రాసి పెట్టినట్టే.

"ఈ చుక్క ఎవరు పెట్టమన్నారు మిమ్మల్ని?"

"ఎవరూ పెట్టమనలేదండీ, అది పోయినసారి నుంచీ ఉన్నదే. పాత పేజీ తీసుకుని, అందులో మీరు పంపిన కొత్త అంకెలు పోశాను. ఎప్పుడూ చేసేదే కదా."

"పోయినసారి పెద్దవాళ్లు ఆరుగురు జవాబిచ్చారు. ఈసారి ఒక్కరే ఇచ్చారు."

"ఆ విషయం అంకె చూస్తే నాకెలా తెలుస్తుంది? నాకు మీరు పంపేది చుక్క ఎక్కడ కూర్చోవాలో. దాని వెనక ఎంతమంది ఉన్నారో పంపరుగా."

నిజమే. పంపను. పంపకూడదనే పంపను. కానీ ఆ మాట ఒప్పుకునే ఓపిక నాకప్పుడు లేదు.

"సబ్బుల కంపెనీ వాళ్లు ఈ రేపరు చూడ్డానికి ఇక్కడికి వచ్చారా, మీరే తీసుకెళ్లారా?"

రంగులాయన వేడి టీ గ్లాసు ఎత్తి, తాగకుండానే కింద పెట్టాడు. "వచ్చారు."

"ఎవరు?"

"కొనుగోళ్లు చూసే ఆయన. వాళ్ల ఆఫీసు ఇక్కడికి దగ్గరే, మెట్లెక్కి వచ్చేశాడు. రంగు కాస్త ముదురు చేయమన్నాడు, వెళ్లిపోయాడు."

"ఆయన వచ్చినప్పుడు ఈ పేజీ తీగ మీదే ఉందా?"

రంగులాయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. తీగ వైపు చూశాడు. "ఉంది" అన్నాడు. "ఇక్కడే నిలబడి మాట్లాడాడు. మీరిప్పుడు నిలబడ్డ చోటే."

దొరికావు అనుకున్నాను. నిజం చెబుతున్నాను, బాధ కంటే ముందు నాకు కలిగింది సంతోషమే. బావకి ఫోన్ చేసి "తేలింది" అనొచ్చు. మళ్లీ అక్క గుమ్మం తొక్కొచ్చు. పెద్దాయనకి చెప్పి రంగులాయన్ని ఈ పూటే మానిపించొచ్చు. ఇదంతా మనసులో చకచకా సర్దేసుకున్నాను.

"మేడమ్, నేను కావాలని చూపించలేదండీ. పిల్లల మీద ఒట్టు. ఆయన అటువైపు చూసినట్టు కూడా నాకు గుర్తులేదు."

"చూడకుండానే మా బావకి ఫోన్ చేసి అంత మాటన్నాడా?"

"ఏమన్నాడు?"

"ఏమన్నాడా? 'మీ దగ్గర ఖాళీ పెట్టెలే మిగిలాయట కదా' అన్నాడు. ముఖం మీద కొట్టినట్టు. మా బావ ఆ రోజు అన్నం ముట్టలేదు."

"ఖాళీ పెట్టెలా?" రంగులాయన అర్థంకానట్టు చూశాడు. "చుక్క చూసి ఆ మాటెలా అంటారండీ? చుక్క మాట్లాడుతుందా?"

"చుక్క మాట్లాడదు. పక్కన మీరు ఇంతింత అక్షరాలతో అచ్చేసిన మాటలు మాట్లాడతాయి" అని ఆ పేజీ అంచున ఉన్న చతురస్రం మీద వేలు పెట్టాను.

సర్వే చివర్లో ఒక ప్రశ్న ఉంటుంది: "ఎందుకలా అనుకుంటున్నారు? మీ మాటల్లో చెప్పండి." వచ్చిన వాటిలో మంచి మాటలు కొన్ని ఏరి, ఎవరివో చెప్పకుండా రిపోర్టులో వేస్తాం. చదివేవాళ్లు అంకెలు వదిలేసి ముందు అవే చదువుతారు. ఆ చతురస్రంలో రంగులాయన అందంగా అమర్చిన మాట ఇది:

"పైకి అంతా నిలబడే ఉంది. లోపలే ఏమీ లేదు."

నా వేలు అక్కడే ఆగిపోయింది.

అందులో పెట్టె అన్న మాటే లేదు.

ఎందుకు లేదంటే, దాన్ని తీసేసింది నేనే. నా దగ్గరికి వచ్చినప్పుడు ఆ మాట ఇలా ఉంది: "అట్టపెట్టె నిలబడాలంటే లోపల ఏదో ఒకటి ఉండాలి. మా దగ్గర ఖాళీ పెట్టెలే మిగిలాయి." చదవగానే బావది అని తెలిసిపోయింది. బావకి ఇంత బాగా మాట్లాడటం ఎప్పుడొచ్చిందా అని ముచ్చటపడ్డాను కూడా. కానీ అలాగే వేస్తే ఊరంతా పట్టేస్తుందని, పెట్టెల ఊసు లేకుండా మార్చి పైకి పంపాను. ఈ గదికి వచ్చింది మార్చిన మాటే. రంగులాయన గానీ, ఇక్కడ నిలబడ్డ కొనుగోళ్లాయన గానీ ఖాళీ పెట్టెల మాట చూసే వీల్లేదు.

అంటే ఆ మాట బయటికి పోయింది ఈ మేడ మీద నుంచి కాదు. నా దగ్గరికి రాకముందే, కింద నుంచే పోయింది.

"ఏమైందండీ?" అన్నాడు రంగులాయన.

"ఏం కాలేదు. ఆ చుక్క తీసేయండి."

"తీస్తాను. కానీ ఆ గీత మొత్తం బోసిపోతుందండీ. పేజీకి ప్రాణం ఆ చుక్కే."

"పేజీ ప్రాణం పోయినా ఫర్వాలేదు, దాని వెనకాల మనుషులున్నారు. పెద్దవాళ్లని మధ్యరకంలో కలిపేయండి. అంకె మళ్లీ లెక్కగట్టి పంపుతాను. తీగ మీద కాగితాలు కూడా తీసేయండి. ఇకముందు ఈ గదిలోకి ఎవరొచ్చినా మా పేజీలు సొరుగులో ఉండాలి."

"అయితే నా మీద అనుమానం పోయినట్టేనా?"

"తగ్గింది" అన్నాను. చల్లారిన టీ తీసుకుని తాగేసి మెట్లు దిగాను.

కింద ఆ జవాబు అసలు రూపంలో చూసినవాళ్లు ముగ్గురే. ఒకరు ఫోన్లో అడిగి టైపు చేసిన పిల్ల. ఆ అమ్మాయి కొత్తగా చేరింది, అట్టపెట్టెలు ఎవరివో సబ్బులు ఎవరివో తెలియనిది. రెండోది నేను. మూడోవాడు గడియారం.

గడియారం అంటే మా ఫోన్ల హాలు సూపర్వైజరు. ఒకప్పుడు బళ్లో లెక్కలు చెప్పిన మనిషి, వేళ తప్పితే ఆయనకి నిద్రపట్టదు. పిల్లలు ఫోన్లలో ప్రశ్నలు అడిగాక, అందులో కొందరికి ఆయన స్వయంగా మళ్లీ ఫోన్ చేస్తాడు. "మా వాళ్లు మీతో మాట్లాడారా? ఫలానా ప్రశ్న అడిగారా?" అని సరిచూస్తాడు. మాట్లాడిన ప్రతి ఫోనూ రికార్డయి ఆయన దగ్గరే ఉంటుంది. ఊళ్లో ఎవరి గుట్టు కావాలన్నా ఆయన బీరువాలాంటి మనిషి. అలాంటి బీరువాకి తాళం వేసి ఉందో లేదో ఇన్నాళ్లూ నేను లాగి చూడలేదు.

హాల్లో ఆ వేళకి పిల్లలు వెళ్లిపోయారు. అట్టముక్కలు అడ్డంపెట్టి చేసిన చిన్నచిన్న అరల్లో హెడ్‌ఫోన్లు వేలాడుతున్నాయి. గడియారం మాస్టారు ఒక్కడే కూర్చుని, వాటి వైర్లకి పడ్డ ముడులు విప్పుతున్నాడు.

"మాస్టారూ, అట్టపెట్టెల పెద్ద ఫ్యాక్టరీకి మీరు మళ్లీ ఫోన్ చేశారా?"

ఆయన చేతులు ఒక్క క్షణం ఆగాయి. నాకు ఆ క్షణం చాలు.

"చేశాను మేడమ్."

"చేసి?"

"సరిచూశాను. మాట్లాడినట్టు ఒప్పుకున్నారు. జవాబులు సరిపోయాయి."

"ఒప్పుకున్నారా? తనకి అసలు ఫోనే రాలేదంటున్నాడు మా బావ!"

గడియారం తలొంచుకుని ఇంకో ముడి విప్పడం మొదలుపెట్టాడు. ఈ మనిషి ఒక ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఉండటం నేను ఇదే చూడటం. నా అనుమానం ఒక్కసారిగా పడగెత్తింది.

"మాస్టారూ, ఆ జవాబు బయటికి పోయింది. మన ముగ్గురి దగ్గర తప్ప ఇంకెక్కడా లేని మాట, సబ్బుల కంపెనీ నోట్లోంచి వచ్చింది. నేను చెప్పలేదు. ఆ పిల్లకి అంత తెలియదు. మిగిలిందెవరు?"

"నన్నే అంటున్నారా?"

"అడుగుతున్నాను."

"అడగండి. అడగడమేగా మన ఉద్యోగం." చేతిలో వైరు పక్కన పెట్టాడు. "నేనెవరికీ చెప్పలేదు మేడమ్. మా ఇంట్లో ఆవిడకి కూడా నేనేం పని చేస్తానో సరిగా తెలియదు. ఫోన్లు ఎత్తుతాననుకుంటుంది."

"అయితే ఆ రికార్డింగు వినిపించండి."

ఆయన కుర్చీలోంచి లేచాడు. "అది మీరు వినకూడదు. మన బంధువుల ఫోన్లు మనం వినకూడదని మీరే నియమం పెట్టారు."

"పెట్టిన నోటితోనే ఇవాళ తీసేస్తున్నాను."

"రేపు పెద్దాయన అడిగితే?"

"నా ఉద్యోగం నేను చూసుకుంటాను. మీరు వినిపించండి."

"మేడమ్." ఆయన నా వైపు తిరిగాడు. ఎప్పుడూ లేనిది, బతిమాలుతున్నట్టు చూశాడు. "నా మాట వినండి. వినకపోతేనే మేలు. నేను తెలిసీ ఊరుకున్నాను. ఇంటి సంగతి నా నోటితో ఎందుకని ఊరుకున్నాను."

ఇంటి సంగతా? ఎవరి ఇంటి సంగతి? మనసు పరిపరివిధాల పోయింది. బావే చెప్పి, భయపడి, చెప్పలేదని బొంకుతున్నాడా? చెప్పినవాటిలో అక్కకి తెలియనిది ఏదైనా ఉందా? ఈయన బావని కాపాడుతున్నాడా, నన్ను కాపాడుతున్నాడా? ఒక్కటి మాత్రం తెలుస్తూనే ఉంది. ఇక్కడ వినకుండా వెళ్లిపోతే నేను జన్మలో ఎవరినీ నమ్మలేను.

"వినిపించండి" అన్నాను.

గడియారం కంప్యూటరు ముందు కూర్చున్నాడు. వెతికాడు. హెడ్‌ఫోను నా చేతికిచ్చి, తను లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

ముందు ఫోను మోగిన చప్పుడు. తరవాత ఎవరో ఎత్తారు. వెనకాల అట్టలు కోసే మిషను టకటకమంటోంది. బావ ఫ్యాక్టరీ చప్పుడే, నేను నిద్రలో కూడా గుర్తుపట్టగలను. మా పిల్ల గొంతు చదువుతున్నట్టు మొదలుపెట్టింది.

"నమస్కారమండీ, వర్తక సంఘం ధీమా సర్వే నుంచి మాట్లాడుతున్నాను. మీ సంస్థలో నిర్ణయాలు తీసుకునేది ఎవరండీ? వారితో మాట్లాడాలి."

ఎవరో తలుపు మూశారు, మిషను చప్పుడు సన్నబడింది. తరవాత ఒక్క మాట.

"నేనే."

అక్క.

మాట కంటే ముందు ఊపిరి తీసుకున్న తీరు దగ్గరే గుర్తుపట్టాను. నాకు జడలు వేసేటప్పుడు, చిక్కు గట్టిగా లాగబోయే ముందు అలాగే ఊపిరి తీసుకునేది. ఫ్యాక్టరీలో అక్క లెక్కలు చూస్తుంది. అంతవరకే నాకు తెలుసు. నిర్ణయాలు బావవి. ఇంట్లో కూర్చునే కుర్చీ దగ్గర నుంచి ఫ్యాక్టరీలో కొనే మిషను దాకా అన్నీ బావవే. అలా అని అక్కే చెప్పేది, నవ్వుతూ.

"రాబోయే మూడు నెలల్లో మీ వ్యాపారం ఎలా ఉంటుందనుకుంటున్నారండీ? బాగుంటుంది, ఇప్పటిలాగే ఉంటుంది, బాగుండదు..."

"బాగుండదు."

"పనివాళ్ల సంఖ్య పెంచుతారా, తగ్గిస్తారా?"

"ఎప్పుడో తగ్గించాల్సిందమ్మా. ఆయన వినరు. అందరూ మనవాళ్లే అంటారు. ఊరికి మంచివాడు."

"ఎందుకలా అనుకుంటున్నారండీ? మీ మాటల్లో చెప్పండి."

"అట్టపెట్టె నిలబడాలంటే లోపల ఏదో ఒకటి ఉండాలి. మా దగ్గర ఖాళీ పెట్టెలే మిగిలాయి." ఎక్కడా తడబడలేదు. ఎన్నాళ్లుగానో లోపల అనుకుంటూ ఉన్న మాటని ఇవాళ పైకి అన్నట్టుంది.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇదే మాట చదివి నేను ముచ్చటపడ్డాను. అందులోంచి పెట్టెలు తీసేసి, అందంగా కత్తిరించి, మేడ మీదికి పంపాను. మా అక్క నాతో అనలేక, ముక్కూముఖం తెలియని పిల్లతో అన్న మాట అది.

ఫోను ముగింపుకి వచ్చింది. మా పిల్ల నేను నేర్పిన ఆఖరి వాక్యం పొల్లుపోకుండా చెప్పింది.

"మీరు చెప్పినదంతా మా దగ్గరే ఉంటుందండీ. మీ పేరు గానీ, మీ జవాబు గానీ బయట ఎవరికీ తెలియదు."

"ఎవరికీ తెలియదా?"

"ఎవ్వరికీ తెలియదండీ. మీరు నిశ్చింతగా ఉండొచ్చు."

మళ్లీ ఆ ఊపిరి. చిక్కు లాగబోయే ముందు తీసుకునే ఊపిరి.

"తెలుస్తుందనుకునే చెప్పానమ్మా ఇదంతా" అంది అక్క. "సరేలే. అయితే నేనే చెప్పుకోవాలి."

ఫోను పెట్టేసిన చప్పుడు.

హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాను. నమ్మకం నిలబెట్టలేదని నేను రంగులాయన్ని వేలెత్తి చూపించాను, గడియారాన్ని నిలదీశాను. జవాబు మా దగ్గర నుంచి ఎక్కడికీ పోలేదు. మేము పెదవి విప్పకపోయేసరికి, తన చేతులతో తన ఫ్యాక్టరీ గుట్టు తనే తీసుకెళ్లి సబ్బుల కంపెనీ చేతిలో పెట్టిందా మా అక్క? తాళం పడితే పడనీ అనా? లేక పడాలనేనా?

"మాస్టారూ" అన్నాను. "మీరు మళ్లీ ఫోన్ చేసినప్పుడు కూడా అక్కేనా?"

"ఆవిడే. మీ ఫోను కలవనప్పుడు ఇక్కడికి చేస్తుంటారు కదా, గొంతు తెలుసు." ఆయన ఇంకా కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. "నన్నూ గుర్తుపట్టారు. మా చెల్లెలికి చెబుతారా అని అడిగారు. మా పద్ధతి ప్రకారం చెప్పకూడదమ్మా అన్నాను. మంచిదే అన్నారు. అది చెప్పమనడమో వద్దనడమో నాకు తెలియలేదు మేడమ్. ఇప్పటికీ తెలియడం లేదు."

నా సంచిలో ఫోను మోగింది. ఫ్యాక్టరీ వదిలే వేళ అయిందని అప్పుడు గుర్తొచ్చింది. తెర మీద బావ పేరు. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాను.

"ఏమైంది? తేలిందా?" అన్నాడు బావ. రోజూ ఉండే కోపం కూడా లేదు ఆ గొంతులో, అలసిపోయి ఉంది. "సబ్బుల వాళ్లు రేపు పొద్దున్నే వస్తామన్నారు. ఆ చెప్పినవాడెవడో నాకిప్పుడే తెలియాలి. వాణ్ణి తీసుకెళ్లి వాళ్లముందు నిలబెడతాను. నేను నా ఫ్యాక్టరీని వదులుకోను. చెప్పు, ఎవరు?"

నోరు తెరిచాను. ఆయన వెనకాల మిషను ఆగింది. ఆ నిశ్శబ్దంలో, హెడ్‌ఫోన్లో ఇప్పుడే విన్న గొంతు, అంత నిబ్బరంగానూ, ఈసారి ఫోనుకి దగ్గరగా వినిపించింది.

"ఎవరండీ, మా చిన్నదేనా? ఇలా ఇవ్వండి. దాన్నెందుకు అడుగుతారు, నేను చెబుతాను."